కలహారి ఎడారి మీదుగా సెస్నాలో నలుగురు వెళ్లవచ్చా?

ప్రశ్న: జోహన్నెస్‌బర్గ్ దగ్గర విమానం నడపడం నేర్చుకుంటున్న మా మేనల్లుడు, లైసెన్సు రాగానే ముగ్గురు మిత్రులను ఎక్కించుకుని నాలుగు సీట్ల సెస్నా 172లో అక్కడి లాన్సేరియా విమానాశ్రయం నుంచి బోట్స్వానాలోని మౌన్‌కు, అక్కడి నుంచి నమీబియా రాజధాని విండ్‌హుక్‌కు వెళ్తానంటున్నాడు. ఒక్క ఇంజనున్న విమానంలో అంత దూరం వెళ్లడం క్షేమమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: దూరం గురించి మీరు బెంగపడనక్కరలేదు, నాకు అభ్యంతరమల్లా ఆ నాలుగో మనిషి విషయంలోనే. లాన్సేరియా నుంచి మౌన్‌కు నేరుగా సుమారు 810 కిలోమీటర్లు ఉంటుంది. గంటకు 220 కిలోమీటర్ల వేగంతో పోయే 172కు అది మూడు గంటల నలభై నిమిషాల ప్రయాణమే గానీ, 20 నాట్ల (గంటకు సుమారు 37 కిలోమీటర్ల) ఎదురుగాలి వీస్తే దాదాపు నాలుగున్నర గంటలవుతుంది. 172ఎస్ రకంలో వాడుకోదగ్గ పెట్రోలు రమారమి 200 లీటర్లు, గంటకు ఖర్చు 35 లీటర్ల వరకు ఉంటుంది కనుక, ట్యాంకులు నిండుగా ఉంటేనే చేతిలో గంటసేపటి నిల్వ మిగులుతుంది. అయితే నిండు ట్యాంకుల బరువే 145 కిలోలు కాబట్టి, విమానం మోయగల బరువులో అది పోగా మిగిలేది ముగ్గురు పెద్దవాళ్లకూ చిన్న సంచులకూ మాత్రమే సరిపోతుంది.

ఇంధనం దొరకడం ఇంకో చిక్కు. ఈ ఇంజనుకు కావలసింది నీలిరంగులో ఉండే ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలు. టర్బైన్ విమానాలు వాడే కిరోసిన్ జాతి ఇంధనం దీనికి పనికిరాదు. బంకు ఉన్నంత మాత్రాన ఏవ్‌గ్యాస్ ఉంటుందని అనుకోకుండా, బయలుదేరే ముందురోజే మౌన్‌కు ఫోన్ చేసి అడగాలి. నింపించుకున్నాక ప్రతి ట్యాంకు అడుగు నుంచి కాస్త గాజు గొట్టంలోకి వంచి, రంగు చూసి, అడుగున నీటి బొట్టు లేదని నిర్ధారించుకోవాలి.

వేడిని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. విండ్‌హుక్ దగ్గరి హోసియా కుటాకో విమానాశ్రయం 1,719 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 32 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, ఇంజనుకూ రెక్కలకూ దాదాపు 2,750 మీటర్ల ఎత్తున ఎగురుతున్నట్టే ఉంటుంది; గాల్లోకి లేవడానికి నేల మీద పరుగు చాలా పొడవవుతుంది, పైకెక్కడం నత్తనడకవుతుంది. పెద్ద రన్‌వే ఉన్నచోట దీన్ని భరించవచ్చు గానీ, మౌన్ పక్కనున్న ఒకవాంగో డెల్టాలోని చిన్న ఇసుక రన్‌వేల మీద ఇదే ప్రాణాంతకం. అందుకే అక్కడి పైలట్లు తెల్లవారుతూనే బయలుదేరతారు. నవంబరు నుంచి మార్చి వరకు మధ్యాహ్నాలు ఉరుములు పుట్టించే మేఘాలు లేస్తాయి కనుక, మే నుంచి జులై దాకా ఉండే పొడి చలికాలమే మేలు.

కలహారి మీద గుర్తుపట్టడానికి కొండగాని ఊరుగాని చాలాసేపు కనిపించదు. ఏ దారిన వెళ్లి ఎప్పుడు చేరతామో తెలిపే ఫ్లయిట్ ప్లాన్ దాఖలు చేసి, దిగగానే చేరామని కబురు చెప్పడం మరవకూడదు. కబురు రాకపోతేనే గాలింపు మొదలవుతుంది. తాగునీరు ఎంత తీసుకెళ్తే అంత మంచిది. డెల్టాలో రాత్రి ఉండవలసివస్తే చక్రాల చుట్టూ ముళ్లకంప పేర్చాలి, హైనాలు టైర్లు కొరుకుతాయి.

మీ మేనల్లుణ్ణి ఆ నలుగురి బరువులూ, సామానూ, ఇంధనమూ కలిపి వేసిన లెక్క కాగితం ఒకసారి చూపించమనండి.