ముందస్తు సరే, ఎన్నుకున్నదెవరు?

సందేహం: 2025 మార్చిలో కెనడాలో లిబరల్ పార్టీ కొత్త నాయకుడు మార్క్ కార్నీ ప్రధాని అయ్యీ కాగానే పార్లమెంటు రద్దు చేయించి ఎన్నికలకు వెళ్లారు. వాటిని మా మిత్రుల్లో ఒకరు ‘మధ్యంతర’ ఎన్నికలంటారు, ఒకరు ‘ముందస్తు’ అంటారు, ఇంకొకరు ‘మెరుపు’ ఎన్నికలంటారు. ఏది సరైన మాట? అప్పటికి ఆయన్ని ‘ఎన్నిక కాని ప్రధాని’ అనడం ఒప్పేనా? అలాంటి నాయకుడు ముందుగా జనం తీర్పు కోరి తీరాలా?
– టొరంటో నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ మూడో ప్రశ్న భాషకు సంబంధించింది కాదని పక్కన పెట్టవచ్చు. పెట్టను. దాని జవాబు సగం ‘ఎన్నిక’ అన్న మాటలోనే ఉంది.

ఎన్ను అంటే మొదట లెక్కపెట్టు. తమిళంలో ‘ఎణ్’ అంటే అంకె, ‘ఎణ్ణు’ అంటే లెక్కించు, తలచు. మన ‘ఎంచు’ కూడా ఈ ఇంటిదే. లెక్కపెట్టేవాడు ఒక్కొక్కదాన్నీ చూస్తాడు, చూస్తే బాగోగులు తెలుస్తాయి, తెలిశాక ఒకదాన్ని గొప్పగా తలుస్తాడు. అలా ‘ఎన్నిక’కు లెక్క, ఆలోచన, గౌరవం అన్న అర్థాలు వరసగా అమరాయి. ‘పేరెన్నికగన్న’లో ఉన్నది ఆ గౌరవమే, అక్కడ బ్యాలెట్ పెట్టె లేదు. ‘ఎన్ని ఓట్లు?’లోని ఎన్నితో మాత్రం దీనికి చుట్టరికం కలపకండి. అది అన్ని, ఇన్ని, ఎన్ని వరసలోది.

ఈ ధాతువును వేమన వాడినంత పదునుగా ఇంకెవరూ వాడలేదంటాను. అతిశయోక్తి అంటే అననివ్వండి.

తప్పులెన్నువారు తండోపతండంబు
లుర్వి జనులకెల్ల నుండు తప్పు
తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు
విశ్వదాభిరామ వినురవేమ

అందరం బడిలో బట్టీపట్టిన పద్యమే. అందుకే ‘ఎన్నడం అంటే వెతకడం’ అని చెప్పేసి పేజీ తిప్పేస్తారు. వెతకడం కాదు, లెక్కపెట్టడం. పక్కవాడి తప్పులకు ఒకటి, రెండు, మూడు అని వేళ్లు మడిచే మనిషిని చూపిస్తున్నాడు వేమన. అలాంటివాళ్లు ఎంతమంది? తండోపతండాలు. అంటే ఎన్నేవాళ్లను ఎన్నలేం! మూడో పాదంలో అదే మాట మళ్లీ తెచ్చి, ‘తమ తప్పులెన్నరు’ అనకుండా ‘ఎరుగరు’ అన్నాడు. ఎన్నాలంటే ముందు కంటికి ఆనాలి కదా, సొంతవి అసలు ఆనవు. ఎన్నికల ప్రచారానికి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

పాత నాయకుడి కుర్చీలోకి వచ్చిన కొత్తాయనకు ఉండే సుఖం ఒకటే: ఆయన తప్పులు ఇంకా ఎవరూ ఎన్నడం మొదలుపెట్టరు. ఆ సుఖం ఎక్కువకాలం ఉండదు. బ్రిటన్‌లో గోర్డన్ బ్రౌన్ 2007 జూన్‌లో ప్రధాని అయ్యారు. ఎన్నికలు వస్తాయని ఊరంతా అనుకునేదాకా ఊరుకుని, అక్టోబరులో లేవన్నారు. వేళ్లు మడవడం అప్పుడే మొదలైంది, 2010లో పదవి పోయింది. పోనీ వెళ్తే? అదే దేశంలో థెరెసా మే 2017 జూన్‌లో ఎన్నికలు పెట్టి, చేతిలో ఉన్న మెజారిటీని పోగొట్టుకున్నారు. జపాన్‌లో ఇషిబా 2024 అక్టోబరు 1న ప్రధాని అయితే 27న పోలింగ్ జరిగింది, కూటమి మెజారిటీ గల్లంతైంది. కార్నీ పార్టీకి 343 సీట్లలో 169 వచ్చాయి. మెజారిటీకి మూడు తక్కువే అయినా ప్రభుత్వం నిలిచింది.

ఇక ‘ఎన్నిక కాని ప్రధాని’. ‘కొను’ చేరితే పని ఫలం చేసినవాడికే చెందుతుంది: వండుకొను, రాసుకొను. ఎన్నుకొను అంటే తనకోసం ఎంచి తీసుకోవడం. (ఆ ‘కొను’ను కొనుగోలుగా అర్థం చేసుకునే అభ్యర్థులకు మన దగ్గర కొదవ లేదు.) లిబరల్ పార్టీ సభ్యులు కార్నీని మార్చి 9న దాదాపు 86 శాతం ఓట్లతో ఎన్నుకున్నారు. కనుక ‘ఎన్నిక కాని’ అనడం తప్పు. అయితే పార్టీ ఎన్నుకున్నది తనకోసం, దేశం ఇంకా తనకోసం ఎన్నుకోలేదు. కెనడా, ఇంగ్లండ్ కేంద్ర బ్యాంకుల గవర్నరుగా పేరెన్నికగన్నవాడే కానీ, అప్పటికి ఆయనకు పార్లమెంటులో సీటు కూడా లేదు. మన పీవీ కూడా 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి ఎంపీ కారు, నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచారు. ‘పార్టీ ఎన్నుకున్న ప్రధాని’ అనండి. నిజమూ చెప్పినట్టుంటుంది, చిన్న ఎత్తిపొడుపూ ఉంటుంది. టీవీల్లో చదివినట్టు ‘ప్రజలచే ఎన్నుకోబడని’ అని మాత్రం అనకండి. ‘వండుకోబడని కూర’ అని ఇంట్లో ఎవరైనా అంటారా?

మరి తీర్పు కోరి తీరాలా? పార్లమెంటరీ పద్ధతిలో సభ మద్దతు ఉంటే చాలు. కుర్చీ ఎక్కడానికి ఎన్నికలోని మొదటి అర్థం, లెక్క, సరిపోతుంది. చివరి అర్థం మాత్రం జనం దగ్గరే ఉంటుంది. గడువు ఏడాదిలోపు ఉంటే వెళ్లడమే మర్యాద అనిపిస్తుంది, రెండు మూడేళ్లు ఉంటే తొందరేముంది అనీ అనిపిస్తుంది. ఇంతకుమించి నొక్కి చెప్పను.

మధ్యంతరం అంటే నడిమధ్యన వచ్చేది. కెనడాలో గడువు అక్టోబరుదాకా ఉండగా ఏప్రిల్ 28న జరిగినవాటికి ఆ మాట అతకదు. కానీ 1971లో ఇందిరాగాంధీ ఏడాది ముందు వెళ్లినప్పుడూ మధ్యంతరమనే అన్నాం కాబట్టి తప్పని గట్టిగా అనలేను. నా ఓటు ‘ముందస్తు’కే. బెయిలుకూ అదే విశేషణం వాడతాం, రెండిట్లోనూ రేపటి భయం ఒకటే. 2018లో కేసీఆర్ సభ రద్దు చేసినప్పుడు ‘ముందస్తుకు వెళ్లారు’ అన్న వాడుక ఊపందుకుంది. విశేషణానికే విభక్తి తగిలించి, ‘ఎన్నికలు’ను మింగేశారు. ఆ ఒక్క మాట రాయడానికి పేపర్లో చోటు లేదా?

మెరుపు సమ్మె ఉంది కాబట్టి ‘మెరుపు ఎన్నికలు’ అనుకోవచ్చు. మీ దేశంలో ఆ మెరుపు అయిదు వారాలు సాగింది మరి.