చెనిక్కాయల పొడి నర్సరీకి పట్టుకెళ్లొచ్చా?

ప్రశ్న: దుబాయ్‌లో నర్సరీ టీచర్‌గా చేరుతున్నాను. కొందరు పిల్లలకు అలర్జీ కాబట్టి అక్కడికి చెనిక్కాయలు తేకూడదన్నారు. క్యారియర్‌లో ఉగ్గాని అయినా పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: పొడి వద్దే వద్దమ్మా. ఉగ్గానిలో పుట్నాల పొడికి సాధారణంగా అభ్యంతరం ఉండదు, అయినా ఒకమాట అడగండి. పోపులో మాత్రం చెనిక్కాయలు మానేయండి. నూనె సంగతి మనవాళ్లకు గుర్తుండదు. చెనిక్కాయల నూనె బదులు పొద్దుతిరుగుడు నూనె వాడండి.

ఇంట్లో తిని వెళ్లినా సబ్బుతో చేతులు కడుక్కోండి, నోరు పుక్కిలించండి. శానిటైజర్ క్రిములను చంపుతుందేగానీ చెనిక్కాయ ప్రొటీన్‌ను వదిలించదు. రెండేళ్ల పిల్లలు మీ చెయ్యి పట్టుకుని, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు మరి.

అలర్జీ పిల్లల జాబితా, అడ్రినలిన్ పెన్ (అలర్జీ ముదిరితే వెంటనే వేసే ఇంజెక్షన్) ఎక్కడుంటాయో మొదటిరోజే చూసుకోండి. దద్దుర్లతోపాటు వాంతులో, ఆయాసమో కనిపిస్తే తొడ బయటివైపు, బట్టల మీదుగానే పెన్ వేసి, అక్కడి అంబులెన్స్ నంబర్ 998కి ఫోన్ చేయాలి. బిడ్డను నడిపించకూడదు.