ఆడేవాడు కోచ్ కాగలడా?

ప్రశ్న: సార్, నా వయసు 28. జిల్లా జట్టులో కబడ్డీ రైడర్‌ని. మోకాలు ముందులా సహకరించడం లేదు. హైస్కూలు పిల్లలకు కోచింగ్ ఇవ్వమని మా ఊరి పెద్దలు అడుగుతున్నారు. బాగా ఆడేవాడికి నేర్పడం రాదని సీనియర్లు అంటుంటే టెన్షన్‌గా ఉంది. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అన్న రాన్ బరాసీ గురించి తెలుసుకోమన్నాడు. ఎవరాయన?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఒప్పుకో నాయనా. బరాసీ కోచ్ అయ్యేనాటికి సరిగ్గా నీ వయసే.

ఆయనది ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్. జట్టుకు 18 మంది, కోలగా ఉండే బంతి, పెద్ద క్రికెట్ మైదానం. బంతిని కాలితో తన్నొచ్చు, లేదా ఒక చేత్తో పట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించొచ్చు. గోల్‌కు 6 పాయింట్లు.

బరాసీకి ఐదేళ్లప్పుడు, 1941లో, తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో, లిబియాలోని టోబ్రుక్ దగ్గర చనిపోయాడు. ఆ తండ్రి కూడా మెల్‌బోర్న్ క్లబ్ ఆటగాడే. తండ్రితో కలిసి ఆడిన నార్మ్ స్మిత్ తర్వాత అదే క్లబ్‌కు కోచ్ అయ్యాడు. కుర్రవాడు ఆయన ఇంట్లోనే ఉండి ఆట నేర్చుకున్నాడు. 1955 నుంచి 1964 లోపు ఆరు ఫైనళ్లు గెలిచిన జట్లలో ఉన్నాడు. జనం నెత్తిన పెట్టుకున్న ఆ క్లబ్‌ను వదిలి, 1965లో కార్ల్‌టన్ అనే ప్రత్యర్థి క్లబ్‌కు కెప్టెన్‌గా, కోచ్‌గా వెళ్లాడు. అభిమానులు భగ్గుమన్నారు. 1968లో కోచ్‌గా కార్ల్‌టన్‌ను ఫైనల్లో గెలిపించాడు. బాగా ఆడేవాడు కోచ్ కాగలడా అన్న అనుమానం నీకుంటే, జవాబు ఇదే.

నాకు బాగా నచ్చేది 1970 ఫైనల్. అప్పటికి ఆయన ఆట మానేసి కోచ్‌గా మాత్రమే ఉన్నాడు. మైదానంలో 1,21,696 మంది. సగం ఆటకు ప్రత్యర్థి జట్టు కాలింగ్‌వుడ్ 44 పాయింట్ల ముందుంది. విరామంలో బరాసీ చెప్పింది ఒక్కటే: దూరంగా తన్నడం తగ్గించండి, చేతితో అందించుకుంటూ పరిగెత్తండి. చేతి పాస్‌ను ఇరుకున పడ్డప్పుడే వాడే రోజులవి. బెంచి మీదున్న టెడ్ హాప్‌కిన్స్‌ను దించాడు. అతను నాలుగు గోల్స్ కొట్టాడు. కార్ల్‌టన్ 111–101తో గెలిచింది.

తిరుపతి తారకరామ స్టేడియంలో ఏళ్ల తరబడి పిల్లలకు నేర్పినవాణ్ని కాబట్టి చెబుతున్నా. ఓడుతున్న జట్టు మీద కేకలేయడం ఏ కోచ్‌కైనా సులువు. బరాసీ గొంతూ చిన్నదేం కాదు. కానీ ఆరోజు ఆటగాళ్లకు చేయడానికి ఒక పని చెప్పాడు. మీ సీనియర్లు చూడాల్సింది అది.

తర్వాత నార్త్ మెల్‌బోర్న్ అనే మరో క్లబ్‌కు 1975, 1977 టైటిళ్లు తెచ్చాడు. 1981లో సొంత క్లబ్ మెల్‌బోర్న్‌కు కోచ్‌గా తిరిగొస్తే ఆ ఏడాది ఒకే ఒక్క గెలుపు, చివరి స్థానం. అయినా ఆయన ఉన్న రోజుల్లోనే ఆ క్లబ్ ఐర్లండ్ నుంచి, ఈ ఆట ముఖమే చూడని కుర్రాళ్లను తెచ్చి నేర్పింది. వాళ్లలో జిమ్ స్టైన్స్ 1991లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే ‘బ్రౌన్‌లో’ పతకం గెలిచాడు.

కాబట్టి మీ స్కూల్లో ఖోఖో, పరుగు పందెం పిల్లల్ని కూడా కోర్టులోకి పిలువు. నువ్వు రైడర్‌వి కదా, నీలాగే కూతకెళ్లమని అందరినీ బలవంతపెట్టకు. పట్టు పట్టేవాళ్లకు వేరే ప్రాక్టీసు పెట్టు, అది నీకు రాకపోతే మంచి డిఫెండర్‌ను పిలిపించు. మోకాలు డాక్టరుకు చూపించు. డిగ్రీ ఉంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా ప్రకటన కోసం చూస్తూ ఉండు.