కప్పు మైదా అంటే ఎన్ని గ్రాములు?

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్న మా చెల్లెలు అక్కడి వంటల పుస్తకంలోని వెనిలా కేకు కొలతలు రాసి పంపింది. మైదా 2½ కప్పులు, పంచదార 1½ కప్పు, వెన్న 2 స్టిక్కులు అని ఉంది. నేను 240 మిల్లీలీటర్ల కొలత కప్పుతోనే కొలిచినా కేకు రెండుసార్లూ పైన పగిలి, లోపల పొడిపొడిగా వచ్చింది. కప్పులను గ్రాముల్లోకి మార్చుకుందామంటే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు. ఏది సరైనది?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ కప్పులో తప్పేమీ లేదమ్మా, ఓవెన్‌ను అనుమానించే ముందు మైదాను ఒకసారి తూచి చూడండి. పాలు ఎలా పోసినా కప్పెడు పాల బరువు మారదు. పంచదార పెద్దగా అణగదు కనుక ఎవరు కొలిచినా కప్పుకు 200 గ్రాముల దగ్గరే తూగుతుంది. మైదా అలా కాదు, దాని రేణువుల మధ్య గాలి ఎంత ఉందన్న దానిని బట్టి బరువు మారిపోతుంది. జల్లించిన పిండిని అలాగే కప్పులోకి వదిలితే సుమారు 115 గ్రాములు వస్తుంది. డబ్బాలోని పిండిని చెంచాతో కదిపి గుల్లచేసి, కొద్దికొద్దిగా కప్పులో వేసి, చాకు వీపుతో అంచుకు సమంగా గీస్తే 120 నుంచి 125 గ్రాములు ఉంటుంది. కప్పునే డబ్బాలో ముంచి తీస్తే, పిండి డబ్బా గోడకు ఒత్తుకుని అణిగిపోయి, 140 నుంచి 150 గ్రాముల దాకా పడుతుంది. నిండిన కప్పును బల్ల మీద తట్టి, దిగిన మేర మళ్లీ నింపే అలవాటుంటే ఇంకా ఎక్కువే.

మీరు ముంచి తీశారనే అనుకుంటున్నాను. అప్పుడు 2½ కప్పులకు 300 గ్రాములు పడవలసిన చోట 375 గ్రాములు పడి ఉంటుంది. గుడ్లు, పాలు మాత్రం పెరగలేదు కనుక, పావు వంతు అదనంగా చేరిన పిండి ఉన్న తడినంతా పీల్చుకుని కేకును గట్టిపరిచింది.

ఇక ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పడానికి కారణం ఉంది. పిండి అమ్మే అమెరికన్ కంపెనీ కింగ్ ఆర్థర్ కప్పుకు 120 గ్రాములని లెక్క కడితే, వంటకాలను పరీక్షించి ప్రచురించే అక్కడి సంస్థ అమెరికాస్ టెస్ట్ కిచెన్ తన వంటకాల్లో 5 ఔన్సులు, అంటే 142 గ్రాములు అంటుంది. వీరిలో ఎవరూ పొరబడలేదు. ఎవరు కొలిచే అలవాటును బట్టి వారు తూచుకుని, ఆ తూకంతోనే వంటకాన్ని కుదుర్చుకున్నారు. అందువల్ల ముందుగా మీ చెల్లెలిని అడిగి, ఆ పుస్తకం మొదటి పేజీల్లో కొలిచే పద్ధతి గానీ, కప్పు బరువు గానీ రాశారేమో చూడమనండి. ఉంటే దానినే పాటించండి. లేకపోతే కప్పుకు 120 గ్రాములతో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే పలచనైన పిండిలో మరో రెండు చెంచాల మైదా కలపవచ్చు గానీ, ఎక్కువైన మైదాను తీయలేము.

ఇంగ్లీషు వంటకాల్లో ‘సిఫ్టెడ్’ అన్న మాట ఎక్కడుందో కూడా గమనించండి. ‘ఫ్లోర్’ (పిండి) అన్న మాటకు ముందుంటే జల్లించాక కొలవాలి, తరువాత వస్తే కొలిచాక జల్లించాలి, ఈ తేడాతోనే కప్పుకు కొన్ని గ్రాములు అటూ ఇటూ అవుతాయి.

వెన్న విషయంలోనూ ఒక చిక్కుంది. అక్కడి స్టిక్కు 113 గ్రాములు, మన దగ్గరి చిన్న ప్యాకెట్టు 100 గ్రాములు. రెండు స్టిక్కులకు రెండు ప్యాకెట్లు వేసి ఉంటే 26 గ్రాములు తగ్గినట్టే, కేకు పొడిబారడంలో దాని వాటా కూడా ఉంటుంది. బేకింగ్ పౌడర్, ఉప్పు మాత్రం 5 మిల్లీలీటర్ల కొలత చెంచాతోనే తీసుకోండి. వంటింటి త్రాసు అంత చిన్న బరువులను నమ్మకంగా చూపించలేదు.

ఈసారి మైదా 300 గ్రాములు, పంచదార 300 గ్రాములు, వెన్న 226 గ్రాములు తూచి చేయండి. కేకు కుదిరితే ఆ అంకెలను చెల్లెలు పంపిన కాగితం మీదనే, కప్పుల పక్కన రాసిపెట్టుకోండి.