ఒక్కటీ ఓడకపోతే కప్పు వచ్చేసినట్టేనా?

ప్రశ్న: మా మేనల్లుడు అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో చదివాడు. 2023లో వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఛాంపియన్ అయిందని ఇప్పటికీ గొప్పలు పోతుంటాడు. ఒక్కటీ ఓడకపోతే కప్పు వాళ్ళదే కదా, అందులో విశేషమేముంది?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అక్కడే ఉందండీ తిరకాసు! అదే ఏడాది ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టు కూడా 13 ఆడి 13 గెలిచింది, అయినా ప్లేఆఫ్‌కి (ఛాంపియన్‌ని తేల్చే ఆఖరి నాకౌట్ పోటీలకి) పిలుపే రాలేదు. అప్పట్లో ప్లేఆఫ్‌కి నాలుగే జట్లు, వాటిని ఎంచేది ఒక కమిటీ. నవంబరులో ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపించే ఆటగాడు) జోర్డాన్ ట్రావిస్ కాలికి పెద్ద దెబ్బ తగిలింది, ఇక ఈ జట్టులో మునుపటి పస లేదని పక్కనపెట్టి, చెరో మ్యాచ్ ఓడిన టెక్సస్‌నీ అలబామానీ తీసుకున్నారు. నన్నడిగితే అది అన్యాయమే.

పై స్థాయిలోనే 130కి పైగా కాలేజీలు, ఒక్కొక్కటి సీజన్‌లో ఆడేది ఓ పన్నెండు మ్యాచ్‌లు, అందరూ అందరితో ఆడటం కుదరని పని. అందుకే ఎవరు ఎవరిని గెలిచారన్న దానిమీద ఎడతెగని వాదన. 1997లో మిషిగన్, నెబ్రాస్కా రెండూ ఓడలేదు, వాటి మధ్య మ్యాచే జరగలేదు. విలేకరుల ఓటింగ్‌లో మిషిగన్, కోచ్‌ల ఓటింగ్‌లో నెబ్రాస్కా, అలా కప్పు చెరి సగం!

2023లో మాత్రం మిషిగన్ మైదానంలోనే తేల్చుకుంది. రోజ్ బౌల్ అనే సెమీఫైనల్లో అలబామా మీద ఆఖరి రెండు నిమిషాల్లోకి వచ్చేసరికి ఇంకా ఏడు పాయింట్లు వెనకబడే ఉంది, ఎలాగో సమం చేసి ఓవర్‌టైమ్‌లో ముందుకెళ్ళింది. అలబామాకు మిగిలింది ఒక్క అవకాశం, పాయింట్లు రావాలంటే దాటాల్సిన గీత మూడు గజాల దూరంలో ఉంది. బంతి పట్టుకుని నేరుగా మధ్యలోంచి దూసుకొచ్చిన అలబామా క్వార్టర్‌బ్యాక్ మిల్రోని అక్కడికక్కడే పడేశారు. 27–20. ఆ తర్వాత ఫైనల్లో వాషింగ్టన్‌ని 34–13తో ఓడించారు, మొత్తం 15కి 15. (బంతి పట్టుకోవడమేమిటి అంటారేమో, ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదండీ, చేతులతోనే ఎక్కువ పని.)

అన్నట్టు, ఆ సీజన్‌లో కోచ్ హార్బా ఆరు మ్యాచ్‌లకు సస్పెండయ్యాడు. చివరి మూడూ ఎదుటి జట్ల కోచ్‌లు తమ ఆటగాళ్ళకు చేసే సైగలను దొంగచాటుగా రికార్డు చేయించారన్న గొడవ వల్ల. మీ మేనల్లుడు ఈ సంగతి ఎత్తి ఉండడు, ఈసారి ఫోన్ చేసినప్పుడు మీరే అడగండి. 2024 నుంచి ప్లేఆఫ్‌కి 12 జట్లు కాబట్టి, ఓడని పెద్ద జట్టు బయట కూర్చునే అవకాశం దాదాపు లేదు.