సందేహాలు – సమాధానాలు: కణంలోని రంగు మెరుస్తుందా, వెలుగుతుందా?

సందేహం: కాలేజీ మ్యాగజైన్ వ్యాసంలో “జీవకణంలోని సూక్ష్మాణువును గుర్తించగానే స్ఫురదీప్తి శోధకం మెరుస్తుంది” అని రాశాను. తెలుగు సార్ ‘మెరుస్తుంది’ కొట్టేసి ‘వెలుగుతుంది’ అని పెట్టారు. కెమిస్ట్రీ మేడమ్ ‘స్ఫురదీప్తి’ తప్పన్నారు. పోనీ ‘ఫ్లోరోసెంట్ శోధకం’ అందామంటే అది వైరి సమాసమని (వేర్వేరు భాషల మాటలు కలిపిన సమాసమని) ఫ్రెండ్ టెన్షన్ పెడుతోంది. ఏం రాయాలి?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: సార్ చెప్పిందీ, మేడమ్ చెప్పిందీ రెండూ సరైనవే. ఇక్కడ శోధకం అంటే, కణంలో ఫలానా అణువు ఉందని తన వెలుగుతో తెలిపే రంగు పదార్థం.

ఫ్లోరోసెన్స్‌కు శాస్త్ర రచనల్లో వాడే మాట ప్రతిదీప్తి. స్ఫురదీప్తి అంటే ఫాస్ఫోరెసెన్స్. కాంతి పడుతున్నంతసేపే వెలిగేది మొదటిది, కాంతి ఆపేశాక కూడా కాసేపు వెలిగేది రెండోది. ‘ప్రతిదీప్తి’ని ప్రతిధ్వనిలా అనుకుంటే మాత్రం పొరపాటు. ప్రతిధ్వనిలో మన గొంతే మనకు తిరిగొస్తుంది. ఇక్కడ పడే కాంతి ఒకటి, వచ్చే కాంతి ఇంకొకటి. వచ్చేదాని తరంగదైర్ఘ్యం మామూలుగా ఎక్కువ ఉంటుంది. 1852లో భౌతిక శాస్త్రవేత్త స్టోక్స్ ఈ సంగతి రాశాడు, ఇంగ్లీషు పేరు కూడా ఆయన పెట్టిందే. ఉదాహరణకు అఫ్లాటాక్సిన్ చూడండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతులకు ఆ పేరు కొత్తేం కాదు. బూజు వల్ల పుట్టే ఆ విషంలో ‘బి’, ‘జి’ రకాలున్నాయి. అతినీలలోహిత కాంతిలో ఒకటి నీలంగా, ఒకటి ఆకుపచ్చగా వెలుగుతాయి కాబట్టే బ్లూ, గ్రీన్‌ల మొదటి అక్షరాలు వాటికి పేర్లయ్యాయి.

ఇక క్రియ. బండి వెనక అంటించే ‘రేడియం’ స్టిక్కర్ మెరుస్తుంది. పేరే గానీ అందులో రేడియం ఉండదు, హెడ్‌లైట్ కాంతినే వెనక్కి కొడుతుంది. బంగారం మెరుస్తుంది, కత్తి మెరుస్తుంది. తనలోంచి కాంతి వస్తే అది వెలగడం. ప్రతిదీప్తి ఈ రెండో కోవలోకే వస్తుంది.

మీ వాక్యంలో ఎవరూ పట్టుకోనివి ఇంకా ఉన్నాయి. ‘జీవకణం’ అంటే కణం అనే అర్థమే వస్తుంది, చచ్చిన కణాన్ని కూడా అలాగే అంటాం. కణాన్ని చంపకుండా లోపల ఏం జరుగుతోందో చూడటమే ఈ పద్ధతి గొప్ప గదా! అందుకని ‘సజీవ కణం’ అనండి, ‘బతికున్న కణం’ అన్నా బాగుంటుంది. ‘సూక్ష్మాణువు’ సంధి తప్పు కాదు గానీ, సూక్ష్మజీవి గుర్తొస్తుంది. ‘చిన్న అణువు’ చాలు.

‘గుర్తించగానే’ కూడా అతకదు. నైట్రిక్ ఆక్సైడ్‌నే తీసుకోండి. రెండే పరమాణువులున్న అణువు, కణంలో దాన్ని నేరుగా చూడటం కుదరదు. దానికోసం 1998లో జపాన్‌లో శాస్త్రవేత్త నాగానో బృందం డయమైనోఫ్లోరెసీన్ రంగులు తయారు చేసింది. మామూలుగా ఆ రంగు దాదాపు ఆరిపోయినట్టే ఉంటుంది. ఆక్సిజన్ సమక్షంలో నైట్రిక్ ఆక్సైడ్‌తో చర్య జరిగి అందులో ట్రయజోల్ వలయం (మూడు నైట్రోజన్ పరమాణువులున్న వలయం) ఏర్పడితే, నీలికాంతి కింద ఆకుపచ్చగా వెలుగుతుంది. అంటే గుర్తించేది సూక్ష్మదర్శినిలో చూసే మనం, రంగు చర్య మాత్రమే జరుపుతుంది. ఇలా రాయండి: “సజీవ కణంలోని చిన్న అణువుతో చర్య జరపగానే ప్రతిదీప్తి శోధకం వెలుగుతుంది.”

వైరి సమాసం భయం వదిలేయమనండి. పోలీసు శాఖ, జిల్లా కేంద్రం రాయని పేపర్ ఉందా? ‘ఫ్లోరోసెంట్ శోధకం’ హాయిగా రాయవచ్చు. కాకపోతే ఒక పేరాలో ఇదీ, ఇంకో పేరాలో ‘ప్రతిదీప్తి శోధకం’ అని రాస్తే చదివేవాళ్లు రెండు వేర్వేరు వస్తువులనుకుంటారు.