ఆటల కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. ప్రాచీన గ్రీసులోని ఒలింపియా, డెల్ఫీ, ఇస్త్మియా, నెమియా, నాలుగు చోట్లా ఆటలు ఎలా పుట్టాయో గబగబా చెప్పుకుపోయావు. ఏ ఒక్క మనిషీ కళ్లకు కట్టలేదు.

నెమియాకి నువ్వు ఇచ్చింది రెండు వాక్యాలే. నన్నడిగితే అసలు కథ అక్కడే ఉంది. థీబ్స్ నగరం మీదికి దండెత్తి వెళ్తున్న ఏడుగురు వీరులు దారిలో ఒక దాదిని నీళ్లెక్కడ దొరుకుతాయని అడుగుతారు. ఆమె పేరు హిప్సిపిలీ. ఒకప్పుడు లెమ్నోస్ ద్వీపానికి రాణి, ఇప్పుడు పరాయి ఇంట్లో బానిస. చంకలో రాజుగారి బిడ్డ ఒఫెల్టెస్. నడక వచ్చేదాకా వాణ్ణి నేల మీద దించొద్దని దైవవాక్కు. అందుకే ఆమె ఏపుగా పెరిగిన అడవి సెలరీ ఆకుల మీద పడుకోబెట్టి, వాళ్లకు ఊట చూపించడానికి వెళ్తుంది. ఈలోగా పాము బిడ్డను చంపేస్తుంది. ఆ పసివాడి అంత్యక్రియల్లో వీరులు ఆడిన ఆటలే నెమియా ఉత్సవాలయ్యాయి. గెలిచినవాడి తలకు అవే సెలరీ ఆకులు. న్యాయనిర్ణేతలకు నల్లబట్టలు. తమ్ముడూ, ఆమె బిడ్డను ఆకుల మీద దించే ఆ ఒక్క క్షణం దగ్గర ఆగు. పాపం, తను మాట తప్పలేదనే అనుకుని ఉంటుంది కదా!

ఇస్త్మియాలోనూ పసివాడి శవమే, తల్లితో పాటు సముద్రంలో పడ్డ మెలికెర్టెస్‌ది. రెండు కథలూ ఒకేచోట పెడితే ఒకదాని దుఃఖం ఇంకోదాన్ని పలచన చేస్తుంది. ఇస్త్మియా కథను వదిలెయ్.

ఒలింపియా కథలో, రాజకుమార్తెను పెళ్లాడడానికి పెలోప్స్ ఆమె తండ్రితో వేసిన రథపందెం దగ్గర నువ్వు రెండు కథనాలు కలిపేశావు. క్రీ.పూ. 476 నాటి విజయానికి రాసిన గీతంలో గ్రీకు కవి పిండార్ పెలోప్స్‌కి సముద్రదేవుడు పొసైడన్ చేత బంగారు రథం, రెక్కల గుర్రాలు ఇప్పించాడు. మోసం ఊసే లేదు. ఇంకో కథలో రాజుగారి సారథి మిర్టిలోస్, చక్రం ఊడిపోయేలా ఆయన రథం ఇరుసుకు మైనపు చీల పెడతాడు. రెక్కల గుర్రాలుంటే మైనంతో పనేముంది? ఏదో ఒకటి ఎంచుకో. ఒలింపియాలో జ్యూస్ గుడి తూర్పు ముఖం చెక్కిన శిల్పి పందెమే చూపించలేదు. బయల్దేరే ముందు మధ్యలో ముఖ్యులు నిలబడి ఉంటే, జోస్యం చెప్పే ముసలివాడొకడు చెంప దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఫోటో వెతికి చూడు.

నెమియా ఒక్కటే ఉంచి మళ్లీ రాసి పంపు. హిప్సిపిలీని ఏడుస్తూ వదిలెయ్యకు. గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ ఆమె మీద రాసిన నాటకం ముక్కలుగానే దొరికింది కానీ, అందులో దూరమైన ఇద్దరు కొడుకులూ ఆమెను కలుసుకుంటారు.